లోపలి ప్రశ్న

ప్రోగ్రాములో ఇఫ్ లోపల ఇఫ్, అంటే ప్రశ్న లోపల ప్రశ్న, చెప్పాల్సి వస్తే ఒజాకోల్ సార్ ఎక్కడెక్కడ తిరిగినా చివరికి అజోన్ సారా కుండ దగ్గరికే చేరతాడు. ఆ రోజు పాఠం సగంలో ఉండగా కరెంటు పోయింది. గోడమీది తెర ఆరిపోగానే ఆయన కుర్చీని అటుదిటు తిప్పి కూర్చుని, దాని వీపుమీద రెండు చేతులూ ఆన్చాడు.

"సారాకుండ చుట్టూ జనం కూర్చున్నారు. కొత్తగా ఒకడొచ్చాడు. ముందు ఏం చూస్తాం?"

"మనవాడేనా అని," అన్నాడు వెనక వరసలోంచి ఒకడు.

"మనవాడే. తరవాత?"

"పీల్చడానికి గొట్టం తెచ్చుకున్నాడా అని."

"తెచ్చుకోలేదు. పొమ్మంటామా?"

"పక్కవాడు తన గొట్టం ఇస్తాడేమో చూస్తాం సార్. మీరెన్నడన్నా తెచ్చుకున్నారా?"

గదంతా ఘొల్లుమంది. ఒకప్పటి పత్తి మిల్లు గోడౌను అది. దూలాల సందుల్లో ఇప్పటికీ పత్తి పింజలు వేలాడుతుంటాయి. నవ్వింది పాతికమందే అయినా రేకుల కప్పు కింద అది ఊరేగింపంత చప్పుడవుతుంది. సార్ కూడా నవ్వాడు.

"మనవాడు కానివాణ్ణి గొట్టం తెచ్చావా అని అడుగుతామా? అడగం. బయటి ప్రశ్న దాటినవాడికే లోపలి ప్రశ్న. బయటే ఆగిపోయినవాడికి లోపల ఇంకో ప్రశ్న ఉందన్న సంగతి కూడా తెలియదు. ఏది బయట పెడతారో, ఏది లోపల పెడతారో అక్కడే ఉంది తెలివంతా."

ముందు వరసలో కూర్చున్న అడెకె నవ్వలేదు. ఆమె ఒళ్ళో ఉన్న లాప్‌టాప్‌లో ఇంకా బ్యాటరీ ఉంది. తను రాసిన ప్రోగ్రామునే పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదువుకుంటోంది. కొత్త గౌను కుట్టించుకున్న పిల్ల అద్దం ముందునుంచి కదలనట్టు ఉంది ఆమె వరస.

కొత్త మార్కెట్ కట్టడం అయిపోయింది. పాతదాన్ని కూలగొట్టిన దగ్గర్నుంచి అక్కడి ఆడవాళ్ళంతా రైలు గూడ్సు షెడ్డు పక్కన టార్పాలిన్ పట్టాల కింద అమ్ముకుంటున్నారు. లోపల బల్లలు తక్కువ, బయట మనుషులు ఎక్కువ. ఎవరికి బల్ల ఇవ్వాలో తేల్చే చిన్న ప్రోగ్రాము రాసిమ్మని టౌను ఆఫీసువాళ్ళు ఈ శిక్షణ కేంద్రాన్ని అడిగారు. మనుషులు తేలిస్తే తిట్లు మనుషులకు తగులుతాయి, మిషన్ తేలిస్తే ఎవర్ని తిడతారని వాళ్ళ ఆలోచన. సార్ తరగతి మొత్తానికీ అదే పని ఇచ్చాడు. ఎంచుకున్నది మాత్రం అడెకె రాసినదాన్ని.

"లేచి చెప్పు. అందరూ వినండి," అన్నాడు.

అడెకె లాప్‌టాప్‌ని అందరివైపూ తిప్పి పట్టుకుని లేచింది. "మొదటిది, పాత మార్కెట్లో పదేళ్ళు అమ్మారా అని. లేదంటే వాళ్ళు చీటీలు తియ్యాలి. అవునంటే లోపలికి. రెండోది, గుర్తింపు కార్డు ఉందా అని. ఉంటే బల్ల. లేకపోతే ఇంకా లోపలికి. మూడోది, నీ ఎడమ పక్క కూర్చునే ఆమె నీకు సాక్ష్యం చెబుతుందా అని. చెబితే బల్ల."

"ఈ మూడోది ఎక్కణ్ణించి తెచ్చావ్?"

"మా మార్కెట్లో ఎవరన్నా చావుకి వెళ్తే ఎడమ పక్క ఆమే సరుకు అమ్మిపెట్టాలి సార్. సాయంత్రం డబ్బు గుడ్డలో మూటకట్టి ఇస్తుంది. లెక్క అడక్కూడదు. అడిగిన మనిషితో ఆ వరసలో ఇంకెవరూ మాట్లాడరు. కార్డు ఉన్నా లేకపోయినా ఎవరు ఎవరో ఆమెకి తెలుసు కదా."

"మార్కెట్లోనే పుట్టినట్టున్నావే."

"పుట్టింది ఇంట్లోనే సార్. నిద్రపోయింది బల్ల కింద."

మళ్ళీ నవ్వులు. సార్ మాత్రం ఈసారి నవ్వలేదు. కుర్చీలోంచి లేచి వచ్చి లాప్‌టాప్ అందుకుని, వేలు తెరకి తగలకుండా ఒక్కో లైనూ చూపిస్తూ చదివాడు. "నేను రాసినా ఇంతకన్నా బాగా రాయను. ఇందులో ఒక్క లైను కూడా కదపను. ఇలాగే పెడతాను," అన్నాడు అందరూ వింటుండగా. తరవాత గొంతు తగ్గించి, "మార్కెట్ ఆఫీసులో మిషన్ దగ్గర కూర్చోడానికి ఒక మనిషి కావాలంటున్నారు. నీ పేరే చెబుతాను," అన్నాడు.

అడెకె గోడౌను మెట్లు దిగిందో దూకిందో ఆమెకే తెలియదు.

ఇకిరోర్ పట్టా కింద కాళ్ళు చాపుకుని చిలగడదుంపలు తరుగుతోంది. కత్తి ఆమె వైపుకే వస్తుంది, బొటనవేలి దగ్గరికి వచ్చి ఆగుతుంది, పలచని చెక్క పక్కనున్న చాటలో పడుతుంది. ఎండాక ఆ చెక్కలే అముకెకె. ఉడకబెట్టి, నూరిన వేరుశనగ ముద్ద నంజుకుంటే ఆ పూటకి ఇంకేమీ అక్కర్లేదు. చెక్కలూ, ముద్దా రెండూ ఆమె దగ్గరే దొరుకుతాయి. తల్లి పోయిన అడెకెని పెంచింది ఈ పిన్నే.

ఇకిరోర్ వేళ్ళ కొసలు ఏటి గులకరాళ్ళంత నున్నగా ఉంటాయి. రాతిమీద వేరుశనగ నూరీ నూరీ, ఎండిన చెక్కల్ని బండమీంచి గీకీ గీకీ గీతలన్నీ అరిగిపోయాయి. కార్డు ఇచ్చే చోట ఆమె వేలు పెట్టినప్పుడల్లా మిషన్ ఎర్రదీపం వెలిగించింది. "నీకసలు వేళ్ళే లేవంటోంది తల్లీ," అన్నాడట అక్కడి కుర్రాడు. ఆ మాట ఆమె ఇప్పటికీ నవ్వుతూ చెబుతుంది, ఆ ఆఫీసు ఛాయలకి మాత్రం మళ్ళీ పోదు.

ఆమెకి ఎడమ పక్కన ఎండుచేపల కుప్పల వెనక అకురుత్. పాత మార్కెట్లోనూ ఇదే వరస, ఇక్కడా ఇదే వరస. ఇప్పుడు అకురుత్ మార్కెట్ కమిటీ పెద్ద కూడా. మెళ్ళో ప్లాస్టిక్ బిళ్ళ వేలాడేసుకునే చేపలమీది ఈగలు తోలుతోంది.

అడెకె వచ్చి గోనెసంచి మీద కూలబడి సంగతంతా చెప్పింది. ఇకిరోర్ కత్తి ఆపలేదు గానీ చెక్కలు కొంచెం మందంగా పడటం మొదలుపెట్టాయి.

"నేనూ ఉన్నానా నీ మిషన్‌లో?" అంది అకురుత్.

"అన్నిటికన్నా లోపలి ప్రశ్న నువ్వే అత్తా. పిన్నికి కార్డు లేదు కదా. ఈమె ఇకిరోరేనా, నీ పక్కన కూర్చునేదేనా అని నిన్నే అడుగుతుంది."

"చెప్పనంటే?"

"చెప్పకపోతే నీ కొడుకు నా వీపుమీద ఎన్నిసార్లు తడిపాడో మైకులో చెబుతా," అంది ఇకిరోర్.

అకురుత్ పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వు తగ్గాక ఒక చేప తోక విరిచి నోట్లో వేసుకుంటూ, "మరి కార్డుండీ పదేళ్ళు లేనోళ్ళ సంగతేంటే?" అంది. "మా కోడలు మొన్న వానల్లోనేగా దుకాణం పెట్టింది."

"వాళ్ళకి చీటీలే అత్తా. వస్తే వస్తుంది, లేకపోతే లేదు."

"పదేళ్ళనేది ముందు అడుగుతుంది గనకనా?"

"అందుకే మరి," అని అడెకె సంబరంగా చాటలోని దుంపచెక్కలు తీసి ఒకదాని కింద ఒకటి పేర్చి, ఏ ప్రశ్న దాటితే ఏది వస్తుందో వివరంగా చూపించింది. అకురుత్ వంగి శ్రద్ధగా చూసింది. మధ్యలో ఒక చెక్కని వేలితో అటు జరిపి, "ఇదిక్కడుంటే?" అని కూడా అడిగింది. ఈ వయసులో కూడా నేర్చుకోవాలన్న ఆశ ఉందే అని అడెకె ముచ్చటపడి దానికీ జవాబు చెప్పింది.

బల్లలు పంచే రోజు కొత్త మార్కెట్ గేటు ముందు గుడారం వేశారు. ఒక మేజా, దానిమీద లాప్‌టాప్, వెనక ఒజాకోల్ సార్. ఆయనకి ఒక పక్క బల్లనెంబరు బిళ్ళలు అందించే ఆఫీసు గుమాస్తా ఎమురోన్, ఇంకో పక్క చేతుల కుర్చీలో కమిటీ పెద్దగా అకురుత్. మెళ్ళో బిళ్ళకి తోడు తలకి పసుపుపచ్చ గుడ్డ కట్టుకుని పెళ్ళిపెద్దలా ఉంది. ఆడవాళ్ళు పొద్దెక్కకముందే వరస కట్టారు.

"ఈ ప్రోగ్రాము రాసింది ఎవరో పరాయివాళ్ళు కాదు," అన్నాడు సార్ మైకులో. "మీ ఇకిరోర్ ఇంటి పిల్ల. అడెకె."

వరసలో ఆడవాళ్ళు నాలుకలాడిస్తూ కేకలు పెట్టారు. ఇకిరోర్ తల ఎత్తలేదు గానీ మెడలో నరాలు గర్వంతో బిగుసుకోవడం అడెకెకి దూరంనించే కనిపించింది. ఆ క్షణాన తన బతుకులో ఇంతకన్నా కావలసిందేమీ లేదనుకుంది.

మొదటి ఆమె మేజా దగ్గరికి వచ్చింది.

"కార్డు ఉందా?" అన్నాడు సార్.

పేరు రాసుకోడానికి అడుగుతున్నాడనుకుంది అడెకె. ఆమె కార్డు చూపించింది. పదేళ్ళయిందా అన్నాడు. అయిందంది. బిళ్ళ ఇచ్చారు. రెండో ఆమె వచ్చింది. మళ్ళీ కార్డు ఉందా అన్నాడు. ఆమె పాత మార్కెట్లో ఉల్లిపాయల వరస ముసలమ్మ. లేదంది. సార్ ఒక మీట నొక్కి, "పక్కకి నిలబడమ్మా," అన్నాడు.

అంతే. ఇంకేమీ అడగలేదు.

తెర అడెకెకి కనిపించడం లేదు, కనిపించనక్కర్లేదు కూడా. ఏ ప్రశ్న ముందు వస్తోందో వింటే చాలు, లోపల తన ప్రోగ్రాముని ఎట్లా తిప్పేశారో లైను లైనూ తెలిసిపోతోంది. కార్డు బయటికొచ్చింది. పదేళ్ళు లోపలికి పోయింది. కార్డు లేనివాళ్ళకి ఆ తరవాతి రెండు ప్రశ్నలూ లేవు.

ఇకిరోర్ వంతు వచ్చింది. ఆమె చేతులు పైటకి తుడుచుకుని ముందుకి నడిచింది.

"కార్డు ఉందా?"

"లేదు నాయనా. నా వేళ్ళు మిషన్‌కి..."

"పక్కకి నిలబడమ్మా."

ఇకిరోర్ కదల్లేదు. "ఎన్నేళ్ళని అడగవా?"

"మిషన్ అడగమనడం లేదమ్మా."

"మరి ఈమెని అడగవా?" అని అకురుత్‌ని చూపించింది. అకురుత్ అప్పుడే సార్ వెనకనించి ఎమురోన్ వైపు వంగి బిళ్ళల గురించి ఏదో మాట్లాడుతోంది. ఇకిరోర్ కాసేపు చూసి, వెనక్కి తిరిగి గుంపులో అడెకె కోసం వెతికింది. కళ్ళు కలిశాయి. తిట్టినా బాగుండేది. ఆమె వెళ్ళి ఉల్లిపాయల ముసలమ్మ పక్కన నిలబడింది.

ఆ తరవాత కాసేపటికి అకురుత్ కోడలు వచ్చింది. కార్డు ఉంది. పదేళ్ళు లేవు. సార్ తెరవైపు చూసి, "పక్కన ఎవరన్నా సాక్ష్యం చెబుతారా?" అన్నాడు.

"నా పక్కనేనయ్యా," అంది అకురుత్ కుర్చీలోంచే చెయ్యెత్తి.

కోడలికి బిళ్ళ ఇచ్చారు. తను ఎవరికోసమని ఆ మూడో ప్రశ్న రాసిందో వాళ్ళు పక్కన ఎండలో నిలబడి ఉన్నారు. వానాకాలంలో వచ్చిన పిల్లకి అదే ప్రశ్న బల్ల తెచ్చిపెట్టింది. అడెకెకి ఏడుపు రాలేదు, ఒళ్ళంతా మంట పుట్టింది.

మధ్యాహ్నం సార్ గోడ నీడన నిలబడి గుడ్డు చుట్టిన చపాతీ తింటున్నాడు. అడెకె ఎదురుగా వచ్చి నిలబడగానే తినడం ఆపాడు.

"తిప్పేశారు సార్."

"ఏం తిప్పాను? అవే మూడు ప్రశ్నలు. ఒకటి తీశానా, ఒకటి కలిపానా?"

"వరస మార్చారు. ఏది బయట పెడతామో ఏది లోపల పెడతామో అక్కడే ఉంది తెలివంతా అన్నది మీరే."

సార్ చపాతీ చుట్టిన కాగితాన్ని మడతపెట్టాడు, విప్పాడు. "కార్డు ముందుండాలని ఆఫీసువాళ్ళు పట్టుబట్టారు. నువ్వు పాఠాలు నేర్చుకున్న గోడౌను ఎవరిదనుకుంటున్నావ్? వాళ్ళదే. రేపు ఖాళీ చెయ్యమంటే ఎక్కడికి పోతాం?"

"ఒక్క లైను కూడా కదపనన్నారు."

"అన్నాను." ఆయన గొంతు కొంచెం తగ్గింది. "అయినా ఒక్క ఆఫీసువాళ్ళే కాదు. మార్కెట్ కమిటీని పిలిచి అడిగారు. సాక్ష్యాల గోల మాకొద్దు, కార్డు లేనోళ్ళని మొదట్లోనే ఆపండి, ఆ సాక్ష్యమేదో కొత్తవాళ్ళకి పెట్టండి అని చెప్పింది మీ మనిషే. ఏది ఎక్కడ పెట్టాలో కూడా ఆవిడే చూపించింది. మీవాళ్ళే వద్దంటే నేనెవర్ని?"

ఎవరని అడెకె అడగలేదు. దుంపచెక్కని వేలితో పక్కకి జరిపిన చెయ్యి గుర్తొచ్చింది. ఇంటి మనిషని నమ్మి, గొంతు ఎక్కడ కొయ్యాలో తనే చూపించి వచ్చింది.

"మరి మైకులో నా పేరెందుకు చెప్పారు?"

"రాసింది నువ్వే కదా," అన్నాడు సార్. అని, వెంటనే చపాతీ వైపు చూసుకున్నాడు.

ఆ సాయంత్రం ఇకిరోర్ కుండలో జొన్నా కర్రపెండలం పిండి పోసి అటాప్ ముద్ద కెలుకుతోంది. రెండు కాళ్ళ మధ్య కుండని ఒడిసిపట్టుకుని, తెడ్డు రెండు చేతులతో తిప్పుతోంది. అడెకె పక్కన కూర్చుని వేరుశనగ గింజలు చాటలో రెండు వరసలుగా పేర్చింది, తను ఎట్లా రాసిందో, సార్ ఎట్లా మార్చాడో. ఇకిరోర్ తెడ్డు ఆపకుండానే ఒక చూపు చూసింది.

"అంటే లోపల నాకో గది కట్టి, వాకిటి తలుపుకి తాళం వేశారన్నమాట."

"అంతే పిన్నీ."

"నువ్వు కాదుగా వేసింది?"

"నేను కాదు."

"సరే." ఆ ఒక్క మాటతో అడెకె గుండెలమీది బండ దిగింది. కానీ ఊరుకోలేకపోయింది.

"అలా మార్చమని చెప్పింది అకురుత్ అత్త."

తెడ్డు ఆగింది. "ఎవరన్నారు?"

"ఒజాకోల్ సార్."

"నీకు మాటిచ్చి తప్పినవాడేనా?" ఇకిరోర్ మళ్ళీ కెలకడం మొదలుపెట్టింది. "వాడి తప్పు ఎవరో ఒకరి నెత్తిన రుద్దాలి కదా. నోరు కడుక్కో పో."

"కోడలికి సాక్ష్యం చెప్పింది కదా, నువ్వు చూస్తుండగానే."

"కోడలికి చెప్పక పక్కింటోళ్ళకి చెబుతుందా? ఆమెని అడిగారు, చెప్పింది. నా గురించి ఆమెని ఎవరన్నా అడిగారా? ఎవరూ అడగలేదు. అడిగుంటే చెప్పేది." ముద్ద తీసి అడెకె పళ్ళెంలో వేసింది, అలసందాకు కూర పక్కన పెట్టింది. "మీ అమ్మని పూడ్చిపెట్టడానికి నేను పోయినప్పుడు నా బల్ల చూసింది ఆమే. నువ్వు నిన్న మొన్నటి మిషన్‌ని చూసి మాట్లాడుతున్నావు. తిను."

అడెకె తినలేకపోయింది. సార్ మోసం చేసినప్పటి నొప్పి ఒకటి. తను పెంచిన పిల్ల మాట కన్నా పక్క బల్ల ఆమె మీదున్న నమ్మకమే పిన్నికి ఎక్కువైందన్న నొప్పి ఇంకొకటి. రెండోది మింగుడు పడలేదు. అయినా పిన్ని అన్న ఆ ఒక్కమాట చెవిలోంచి పోలేదు. అడిగుంటే చెప్పేది. ఒకవేళ నిజమేనేమో. పదిమందిలో, పేరుపెట్టి, ముఖంమీద అడిగితే ఎవరన్నా కాదంటారా?

మర్నాడు పంచవలసిన వరసలు ఇంకా మిగిలాయి. సార్ గుడారం దగ్గర నిలబడి ఎదురుచూస్తున్నాడు. "నన్ను ఆఫీసుకి రమ్మన్నారు. ఇవాళ మిషన్ దగ్గర నువ్వు కూర్చో. ఎలాగూ రేపటినుంచి నీ పనే," అన్నాడు. నిన్న పక్కకి నెట్టిన ఆడవాళ్ళు ఇంటికి పోలేదు, గేటు పక్క గోడ పొడుగునా కూర్చున్నారు. వాళ్ళ ముఖాలు చూడలేకే ఈయన తప్పించుకుంటున్నాడని అడెకెకి అర్థమైంది. "నిన్నైతే ఏమీ అనరు," అని ఆయనే అన్నాడు కూడా. వెళ్ళబోతూ ఆగి, "ఏమీ ముట్టుకోకు," అన్నాడు.

ఆయన వీపు మలుపు తిరిగేదాకా చూసి అడెకె కుర్చీలో కూర్చుంది. మేజాకి అటు పక్క చేతుల కుర్చీలో అకురుత్, ఇటు పక్క బిళ్ళల పెట్టెతో ఎమురోన్. అడెకె ప్రోగ్రాము తెరిచింది. తన లైన్లే, తనవే పదాలు, ఇంట్లో సామానంతా ఎవరో తిరగేసి సర్దినట్టు. పదేళ్ళ ప్రశ్నని కత్తిరించి పైన పెట్టింది. కార్డు ప్రశ్నని దాని కిందికి తెచ్చి నాలుగు ఖాళీలు లోపలికి జరిపింది. సాక్ష్యం ప్రశ్నని ఇంకో నాలుగు ఖాళీలు. ఒక ఎల్స్, కాదంటే ఏం చెయ్యాలో చెప్పే లైను, ఎక్కడిదో తేలక బయట మిగిలిపోయింది. పైనుంచి మళ్ళీ చదివి, అది ఏ ఇఫ్‌కి చెందిందో దాని సరిగ్గా కిందికి జరిపింది. ఉత్తుత్తి పేరు ఒకటి పెట్టి నడిపి చూసింది. నడిచింది. ఆఫీసులో ఆ ఉద్యోగం ఇక లేదని ఆమెకి తెలుసు. దానికోసం బాధపడే తీరిక ఇప్పుడు లేదు.

"నిన్న పక్కన నిలబడ్డవాళ్ళంతా మళ్ళీ రండి," అంది మైకులో.

ఎమురోన్ తల ఎత్తాడు. "నిన్న అయిపోయిందిగా వాళ్ళది."

"నిన్నటి వరస తప్పు. ప్రోగ్రాము నేనే రాశాను, నాకు తెలుసు."

నిన్న మైకులో విన్నదే కాబట్టి అతను కాదనలేకపోయాడు. గోడ దగ్గర ఆడవాళ్ళు అప్పటికే లేచి వస్తున్నారు. అంతమందిని ఆపే ఓపిక కూడా అతనికి లేదు. అకురుత్ మాత్రం కుర్చీలో కొంచెం ముందుకి జరిగింది.

అందరూ ఇకిరోర్‌నే ముందుకి తోశారు.

"పాత మార్కెట్లో పదేళ్ళు అమ్మారా?" అంది అడెకె. పిన్నిని మీరు అనడం అదే మొదలు.

"అమ్మాను."

"కార్డు ఉందా?"

"లేదు."

తెరమీద మూడో ప్రశ్న వచ్చింది. అడెకె దాన్ని చదవకుండా అకురుత్ వైపు తిరిగింది. "అకురుత్ అత్తా. ఈమె పాత మార్కెట్లో నీ పక్కన కూర్చునే ఇకిరోరేనా?"

ఇకిరోర్ ముఖంలో దిగులు లేదు. చుట్టపుచూపుగా వెళ్ళి గుమ్మంలో నిలబడి, లోపలినుంచి రమ్మనే పిలుపు కోసం చూసేవాళ్ళ ముఖంలా ఉంది. అకురుత్ తలగుడ్డ సవరించుకుంది. అవతల, నిన్న బిళ్ళ అందుకున్న కోడలు మేజా వైపే చూస్తోంది. పాత వరస ప్రకారం అకురుత్ పక్క బల్ల ఇకిరోర్‌ది. కొత్త మార్కెట్లో ఆ బల్లే నిన్న కోడలికి ఇచ్చారు.

"పాత మార్కెట్ సంగతులు ఎవరికి గుర్తున్నాయే," అంది అకురుత్. "ఎంతమంది వచ్చారు, ఎంతమంది పోయారు. వరసలన్నీ కలగాపులగం. పెద్దకుర్చీలో కూర్చుని నేను ఒకరికి చెప్పి ఒకరికి చెప్పకపోతే బాగుంటుందా?"

"నిన్న చెప్పావుగా!" అని అరిచింది ఉల్లిపాయల ముసలమ్మ.

"అవునా కాదా అత్తా?" అంది అడెకె. "ఆ రెండే ఉన్నాయి."

అకురుత్ ఇకిరోర్ వైపు చూడలేదు. తెర వెనక వైపు, ఏమీ కనిపించని వైపు చూస్తూ, "నేను చెప్పలేను," అంది.

"చెప్పలేనంటే కాదనే కదమ్మా," అన్నాడు ఎమురోన్. పని తెమలాలని తప్ప అతనికి ఏ పాపమూ తెలియదు.

అడెకె వేలు అవును మీట మీదికి వెళ్ళింది. ఒక్క నొక్కు. ఎవరు చూడొచ్చారు? ఎమురోన్ చూస్తున్నాడు, అకురుత్ చూస్తోంది, వరసంతా చూస్తోంది. అయినా నొక్కేసేదే. ఇకిరోర్ మేజామీద చెయ్యి ఆన్చింది.

"ఆమె ఏమందో అదే నొక్కవే," అంది.

"పిన్నీ..."

"అడగమన్నది నేనే. అడిగావు. నొక్కు."

అడెకె కాదు మీట నొక్కింది. స్థలం లేదు అని తెరమీద పడింది. ఆ మాటా తను రాసిందే. ప్రతి ఇఫ్‌కీ ఒక ఎల్స్ ఉండాలి గనక, ఏదో ఒకటి రాయాలి గనక, అక్కడిదాకా ఎవరూ రారన్న ధీమాతో రాసింది. సార్ మార్చిన ప్రోగ్రాము కాదు పిన్నిని తోసేసింది. తను సరిచేసిన ప్రోగ్రామే, తను పేర్చిన వరసలోనే, చిట్టచివరి గది దాకా తీసుకెళ్ళి అక్కణ్ణించి బయటికి పంపింది.

ఇకిరోర్ ఆ అక్షరాలు చదవలేదు, చదవాల్సిన పనీ లేదు. "నిన్న నీమీద కసిరాను," అంది అడెకెకి మాత్రమే వినపడేలా. అకురుత్‌ని ఒక్క మాటా అనలేదు. పైటకొంగు నడుముకి దోపుకుని ఆడవాళ్ళ మధ్యలోంచి దారి చేసుకుంటూ గేటు బయటికి నడిచింది. రైలు షెడ్డు వైపు కాదు, ఇంటివైపు. ఆ వేళప్పుడు ఆమె ఇంటికి పోవడం అడెకె ఎన్నడూ చూడలేదు.

అకురుత్ కాసేపు కూర్చుని, ఎండ ఎక్కువగా ఉందని లేచి లోపలికి పోయింది. ఎవరూ ఆమెకి దారి ఇవ్వలేదు, ఎవరూ ఆపలేదు. కుర్చీ ఖాళీగా ఉండిపోయింది.

తరవాత ఉల్లిపాయల ముసలమ్మ వచ్చింది. పదేళ్ళు ఉన్నాయి, కార్డు లేదు. ఎడమ పక్క ఆమె ఎవరని అడెకె అడగడం పూర్తికాకుండానే వెనకనించి ఒకామె, "నేనున్నానే, నా పక్కనే, రాసుకో," అంది. బిళ్ళ ఇచ్చారు. ఆమె తరవాతి ఆమెకీ పక్క ఆమె చెప్పింది. ఆ తరవాతి ఆమెకీ. ముగ్గురికి ముగ్గురూ పోటీపడి సాక్ష్యం చెప్పిన బల్ల కూడా ఉంది. సాయంత్రందాకా ఒక్కరూ కాదనలేదు. గోడ దగ్గర కూర్చున్నవాళ్ళంతా చేతుల్లో బిళ్ళలు పట్టుకుని అడెకెని దీవిస్తూ లోపలికి పోయారు.

అడెకె మాత్రం మూడో ప్రశ్న అడిగిన ప్రతిసారీ, పక్క ఆమె నోరు విప్పేలోపల, కాదు మీటమీదే వేలు పెట్టుకుని కూర్చుంది.